తోడేసిన రాయి

ఏడో నంబరు సెన్సారు నూట ఎనభై ఏడు చూపిస్తోంది.

పెమ్మాడి నూకరత్నం తెర దగ్గరికి వంగింది. నిన్న పొద్దున్న ఇదే సెన్సారు మూడు చూపించింది. మొన్నా మూడే. యాభై దాటితే ప్రమాదమని గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది.

జూన్ పదిహేను, ఉదయం ఆరున్నర. కాకినాడ తీరానికి ఇరవై ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, నాలుగు ఉక్కు కాళ్ల మీద సముద్రంలో నిలబడ్డ ప్లాట్‌ఫారం అది. పావుగంట క్రితం జనరేటరు మార్చారు. కంప్యూటర్లన్నీ ఒక్కసారి ఆగి మళ్లీ లేచాయి. లేచినప్పటి నుంచీ ఈ అంకె.

సెన్సారు చెడిపోయిందేమో అనుకుంది మొదట. తర్వాత పాత రికార్డు తెరిచింది. తెరిచాక కుర్చీ వెనక్కి తోసేసి నిలబడిపోయింది.

సముద్రం అడుగున పెట్టిన గ్యాసు సెన్సార్ల మీద పాచి, గుల్లలు పడతాయి. దాంతో అంకె రోజూ కాస్త జరుగుతుంది. అందుకని రోజూ పొద్దున్నే అప్పటికున్న అంకెను సున్నాగా దిద్ది, ఆ రోజు ఎంత పెరిగితే అంతే రాసుకుంటారు. రిగ్గుల మీద గ్యాసు లెక్కలు రాసేవాళ్లందరి అలవాటే అది. ఈ ప్లాట్‌ఫారానికి ఆ అలవాటు తెచ్చింది రత్నమే. తను సెలవు మీద వెళ్లినప్పుడు డ్యూటీ చేసేవాడికి నేర్పిందీ ఆమే.

రోజుకి మూడు. రోజూ సున్నా. ఇలా అరవై రెండు రోజులు. ఇందాక కంప్యూటరు ఆగి లేచినప్పుడు దిద్దిన సున్నాలన్నీ చెరిగిపోయాయి. మిగిలింది నిజం అంకె.

బైనాక్యులర్స్ తీసుకుని డెక్ మీదికి పరుగెత్తింది. ఈశాన్యంగా మూడు కిలోమీటర్ల అవతల, నలభై ఎకరాల మేర, సముద్రం బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా ఉంది. అలలు లేవు. సన్నగా మరుగుతున్నట్టుంది.

బైనాక్యులర్స్ పడమటికి తిప్పింది. తీరం వైపు నుంచి బోట్లు వస్తున్నాయి. ఒకటీ రెండూ కాదు, వరసకి వరస. అరవై ఒక్క రోజుల చేపల వేట నిషేధం నిన్నటితో అయిపోయింది. ఇవాళ కాకినాడ రేవులో ఒక్క బోటు కూడా మిగలదు.

అందరికంటే ముందుండేది ఎవరో రత్నానికి తెలుసు. వాళ్ల అన్న లోవరాజు.

*

ఆరేళ్ల క్రితం, సర్పవరం రోడ్డులోని ల్యాబులో, డాక్టర్ భావనారాయణ ఆమె చేతిలో చిన్న గాజు సీసా పెట్టాడు. అందులో నల్లటి చుక్క ఒకటి.

"వాసన చూడమ్మా."

చూసింది. "ముడి చమురు."

"వయసెంతో చెప్పు."

"ఎక్కడిది సార్?"

"మన గోదారిదే. గోదారి బురద, నాచు, చచ్చిన పురుగూ పుట్రా కోట్ల ఏళ్లుగా సముద్రంలో పడ్డాయి. పొర మీద పొర పడి, మూడు కిలోమీటర్ల లోతుకి దిగి, ఆ వేడికి ఉడికి ఉడికి చమురవుతాయి. అవి కోటి ఏళ్లు ఉడకాలి." ఆయన నవ్వాడు. "ఈ చుక్క వయసు ఇరవయ్యొక్క రోజులు."

బల్ల మీద ఉక్కు గొట్టం ఉంది. అందులో ఇంకా చమురుగా మారని పచ్చిరాయి. ఆయన కనిపెట్టిన సూక్ష్మజీవి పేరు కాగితాల మీద పన్నెండక్షరాలు. ల్యాబులో మాత్రం అందరూ దాన్ని 'తోడు' అనేవాళ్లు. పాలలో తోడేస్తే తెల్లారేసరికి పెరుగైనట్టు, రాతికి ఈ తోడేస్తే నెల తిరక్కుండా చమురు.

మాట్లాడుతూనే ఆయన గొట్టం పక్కనున్న వాల్వు కాస్త తిప్పాడు. స్‌స్‌మని గ్యాసు పోయింది. ప్రెషర్ ముల్లు కిందికి దిగింది.

"ఎందుకు సార్ తిప్పారు?"

"రాయి చమురైతే ఎక్కువ చోటు కావాలి. గ్యాసైతే మరీను. వదలకపోతే గొట్టం పగులుతుంది."

ఆ రోజు ఆమె అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. సముద్రం కింద వాల్వు ఎవరు తిప్పుతారని. పైనున్న బంకమట్టి పొర మూతలా గట్టిగా ఉంది, మూడు బావులు తవ్వి పెడుతున్నాం, చాలుతుందని కాగితాల్లో రాసి ఉంది. ఆమె అడగలేదు.

*

"పాచి పట్టి ఉంటుంది," అన్నాడు భావనారాయణ, ప్లాట్‌ఫారం మీది తన గది గుమ్మంలో నిలబడి. మీసాలకి టూత్‌పేస్టు నురగ ఇంకా అంటుకునే ఉంది. "బావుల్లో ప్రెషర్ రెండు నెలల నుంచి కదలకుండా నిలబడింది. లీకెక్కడిది?"

"అదే కదా సార్ చెప్తున్నాను! మనం తోడేశాం. ప్రెషర్ రోజూ పెరగాలి. నిలబడిందంటే పెరిగిందంతా ఎటో పోతోంది. మూత పగిలింది."

ఆయన టవలుతో మీసాలు తుడుచుకున్నాడు. కంట్రోల్ రూముకొచ్చి రికార్డు చూశాడు. ఒకసారి, రెండోసారి. కుర్చీలో కూలబడ్డాడు.

"మూడు బావులూ తెరిచి, వచ్చిందంతా మంటలో కాల్చేద్దాం సార్. ప్రెషర్ పడితే పగులు మూసుకుంటుంది."

"తెరిస్తే పొర మొత్తం చల్లబడుతుంది రత్నం. చమురుకి బదులు నీళ్లొస్తాయి. ఈ పొర మళ్లీ పనికిరాదు." గొంతు తగ్గించాడు. "వచ్చే వారం మొదటి చమురు చూడ్డానికి ఢిల్లీ నుంచి వస్తున్నారు. ఇరవై మూడేళ్లు... ఒక్క గంట ఆగుదాం. హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తాను."

రత్నం రాడార్ తెర ఆయన వైపు తిప్పింది. తెర నిండా చుక్కలు.

"నూట నలభై బోట్లు. బోటుకి ఏడుగురు, ఎనిమిది మంది. బుడగలు నిండిన నీళ్లు బరువు మొయ్యవు సార్. అందులోకి వచ్చిన బోటు రాయిలా దిగిపోతుంది."

"అటెందుకొస్తారు? రావద్దని చెప్పు."

ఆమె వైర్‌లెస్ అందుకుంది.

"అన్ని బోట్లకీ, అన్ని బోట్లకీ! ప్లాట్‌ఫారం నుంచి మాట్లాడుతున్నాం. ఈశాన్యం వైపు రావద్దు. గ్యాసు లీకవుతోంది. దయచేసి వెనక్కి తిరగండి!"

ఒక్క క్షణం గరగర. తర్వాత నవ్వులు.

"మొదలెట్టార్రోయ్!"

"పోయినేడు తుపానన్నారు. అంతకు ముందేడు బాంబన్నారు. ఈ ఏడు గ్యాసా?"

"కంపెనీ అమ్మగారూ, కానాగంత చేపలన్నీ మీ క్యాంటీనుకే కావాలాండీ? మాకూ రెండొగ్గండి, ఆయ్!"

తెర మీద, అంతదాకా దక్షిణంగా పోతున్న పది పన్నెండు చుక్కలు మెల్లగా ఈశాన్యానికి తిరిగాయి.

భావనారాయణ బిత్తరపోయాడు. "ఇదేమిటి? ఇటే వస్తున్నారు!"

"మన కాపలా బోటు ఎక్కడ తరిమితే అక్కడ చేపలున్నట్టు వాళ్ల లెక్క సార్," అంది రత్నం పళ్లు బిగించి. "తప్పు నాది. అక్కడ పుట్టి కూడా మరిచిపోయాను."

భావనారాయణ రాడార్ కేసి ఇంకోసారి చూశాడు. మూడు బావులూ తెరిచే ఎర్ర తాళంచెవి మెడలోంచి తీశాడు. తాళంలో పెట్టి తిప్పాడు.

ప్లాట్‌ఫారం కింద నుంచి పెద్ద మూలుగులాంటిది లేచింది. గ్యాసు కాల్చే గొట్టం కొసన మంట తాటిచెట్టంత ఎత్తున ఎగిసింది. గాలి నైరుతి నుంచి వీస్తోంది, సముద్రం మీది గ్యాసుని మంటకి దూరంగా తోస్తోంది. మంట వేడి గదిలో వీపులకి తగిలింది.

"ఎంతసేపు పడుతుంది సార్?"

"బుడగలు తగ్గడానికి నలభై నిమిషాలు."

మొదటి చుక్కకి తెల్లటి నీళ్లకి మధ్య పది నిమిషాల దూరం కూడా లేదు.

*

పది రోజుల క్రితం, సెలవు ఆఖరి రోజున, దుమ్ములపేట రేవులో లోవరాజు బోటు పొట్టకి నీలం గీత దిద్దుతున్నాడు. సరుకు ఎంత నింపినా నీళ్లు ఆ గీత దాటకూడదు. పక్కన బావమరిది తాతారావు వల బాగుచేసుకుంటున్నాడు.

"మరదలా, మీ ప్లాట్‌ఫారం కాళ్ల దగ్గర పండుగప్పలు దొర్లుతున్నాయంట, నిజమేనా?"

"నాకేం తెలుసు బావా. నేను గ్యాసు చూస్తాను, చేపలు కాదు."

"నీ చెల్లెలూ అచ్చం నీలాగే తయారైంది బావా. నిజం చెప్పదు."

లోవరాజు నవ్వాడు. "వైర్‌లెస్‌లో నిజం చెప్పేవోడు వేటగాడేట్రా? మంద దొరికితే లేదంటాం. లేకపోతే రండి రండంటాం. పిల్లలకి కూడా తెలుసు." కుంచె రంగులో ముంచాడు. "నీకు మట్టుకు అబద్ధం చెప్పను. మా ఇంటిదాన్నిచ్చినోడివి."

"అదీ మాట," అన్నాడు తాతారావు. అప్పటికి రత్నం కూడా నవ్వింది.

*

ప్లాట్‌ఫారం మీద కంపెనీ ఫోన్ టవరుంది. నాలుగైదు కిలోమీటర్ల దాకా సిగ్నలందుతుంది. రత్నం అన్న నంబరు నొక్కింది.

నాలుగో రింగుకి ఎత్తాడు. వెనక ఇంజను మోత, కలాసీల కేకలు.

"ఒలే రత్నం! ఇప్పుడు కాదు, తర్వాత సేత్తాను. సౌండరు మీద ఏటుందో తెలుసా? అడుగు నుంచి పైదాకా ఎర్రగా మందే మంద! నా జన్మలో ఇలాంటిది సూళ్లేదు!"

సౌండరు నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చినదాన్ని బొమ్మ కడుతుంది. చేప కడుపులో గాలితిత్తి అయినా, గ్యాసు బుడగయినా దానికి ఒకటే ఎరుపు.

"అన్నయ్యా, అది చేప కాదు."

"ఏటే?"

"గ్యాసు. చేపల మంద అడ్డంగా పరుచుకుంటుంది, కదులుతుంది. అది నిలువుగా స్తంభంలా ఉందా, లేదా? కదలట్లేదు కదా?"

"ఇందాకేగా వైర్‌లెస్‌లో కూసేవు. నన్ను కూడా తరుముతావేటే?"

"నీ బోటు ఖాళీగా ఉంది కదూ? ఒక్క వల కూడా ఎయ్యలేదు కదూ? పక్కకి వంగి నీలం గీత చూడు. చూసి, ఆ తర్వాత తిట్టు."

అడుగుల చప్పుడు. తర్వాత ఏమీ లేదు. మళ్లీ మాట్లాడినప్పుడు అతని గొంతులో నవ్వు లేదు.

"గీత నీళ్లలో ఉందే. జానెడు కిందకుంది."

"పొయ్యి వెలుగుతోందా?"

"సోమన్న అన్నం వండుతున్నాడు."

"ముందు అది ఆర్పించు! పైనంతా గ్యాసుంటుంది. వచ్చిన దారినే వెనక్కి తిప్పు."

"సోమన్నా! పొయ్యార్పరా, దిగు!" అని అరిచాడు లోవరాజు. ఇంజను హోరు పెరిగింది. కానీ అది గాల్లో తిరుగుతున్న చప్పుడు. "ఫ్యాను నీళ్లని పట్టట్లేదే. ఉత్తినే తిరుగుతోంది. నెమ్మదిగా జరుగుతోంది, అంతే."

రత్నం తెర చూసింది. అన్న చుక్క తెల్లటి నీళ్ల అంచుకి రెండొందల మీటర్ల లోపల ఉంది. వెనక ముప్పై చుక్కలు. వాళ్లకి సౌండరు అక్కర్లేదు. లోవరాజు ఒకచోట ఆగాడంటే చాలు.

"అన్నయ్యా, వాళ్లందరూ నీ వెనకే వస్తున్నారు. నేను చెప్తే ఇంకా గట్టిగా వస్తారు. నువ్వే ఏదో ఒకటి చెప్పాలి."

లోవరాజు ఒక్క క్షణమే ఆలోచించాడు. ఫోన్ పెట్టలేదు. వైర్‌లెస్ మైకు చేతిలోకి తీసుకున్న చప్పుడు ఆమెకి వినబడింది. మరుక్షణం అతని గొంతు రెండు చోట్ల నుంచీ ఒకేసారి వచ్చింది, చెవిలోంచీ, గోడ మీది పెట్టెలోంచీ.

"అందరూ రండ్రోయ్! బంగారం ఇక్కడుంది! కానాగంతలు, వంజరాలు, వల పట్టనంత! ఎవరెవరున్నార్రా, తొందరగా రండి! లోవరాజు పిలుస్తున్నాడు, రండి!"

కంట్రోల్ రూములో భావనారాయణ లేచి నిలబడ్డాడు. "పిచ్చెక్కిందా అతనికి? రమ్మంటున్నాడేమిటి?"

"చూడండి సార్," అంది రత్నం.

వైర్‌లెస్ ఈలలతో నిండిపోయింది.

"ఓహో, అంత ఉందా మావా? అయితే నువ్వే తిను!"

"లోవరాజు పిలిచాడంటే అక్కడ పీత కూడా లేదురా. దక్షిణానికి తిప్పండెహె!"

తెర మీద ముప్పై చుక్కలు ఆగాయి. ఒకటి తిరిగింది. రెండు. పది. గుంపు మొత్తం దక్షిణానికి మళ్లింది.

"అన్నయ్యా! తిరిగారు! అందరూ తిరిగారు!"

"ఆయ్," అన్నాడు లోవరాజు. వెనక చెక్క విరిగిన చప్పుడు. ఎవరో అమ్మోరిని పిలుస్తున్నారు. "అంచు కనబడుతోంది. కేన్లు పట్టుకోండ్రా! సోమన్న ఎక్కడ? ఒరే, సోమన్న పైకి..."

ఫోన్ ఆగిపోయింది.

తెర మీద చుక్క ఒకసారి వెలిగింది. తెరలోని గీత మళ్లీ తిరిగొచ్చేసరికి అక్కడ ఏమీ లేదు.

భావనారాయణ రత్నం భుజం తట్టి తెర చూపించాడు. ఆయన వేలు ఇంకో చోట ఉంది.

దక్షిణానికి తిరగని చుక్క ఒకటుంది. నేరుగా, పూర్తి వేగంతో వస్తోంది.

ఎవరో ఆమెకి చెప్పక్కర్లేదు. నూట నలభై బోట్లలో లోవరాజు మాట నమ్మేవాడు ఒక్కడే. వైర్‌లెస్ మైకు అందుకుంది.

"తాతారావు బావా! రత్నాన్ని. బోటాపు!"

"విన్నాన్లే మరదలా," గొంతు హుషారుగా ఉంది. "మీ అన్న పిలిచాడు. అందరికీ అబద్ధమేమో గానీ నాకు కాదు. నీ జీతం నీది, నా వేట నాది."

"అన్నయ్య మునిగిపోయాడు బావా."

"ఛీ, పొద్దున్నే ఏం మాటలే అవి! కంపెనీ ఉప్పు తిని ఇంత దిగజారేవా?"

అతను తెల్లటి నీళ్లు చేరడానికి ఐదు నిమిషాలు. అంతకంటే లేదు. ఈ ఛానల్లో మాట్లాడిన ప్రతి మాటా హెడ్డాఫీసులో రికార్డవుతుంది. భావనారాయణ మైకు వైపు చూశాడు, తర్వాత రత్నం వైపు. తల అటు తిప్పుకున్నాడు. ఆపలేదు.

"బావా, విను. మేం సముద్రం కింద రాయిని మందేసి చమురు చేస్తున్నాం. కోటి ఏళ్ల పని రెండేళ్లలో చేశాం. లోపల పట్టక పైనున్న మూత పగిలింది. రెండు నెలలుగా గ్యాసు కారుతూనే ఉంది. సెన్సారు రోజూ చెప్పింది. నేను రోజూ దాన్ని సున్నా చేసి, అంతా బాగుందని సంతకం పెట్టాను. కంపెనీ కాదు, నేనే. పెమ్మాడి నూకరత్నం. ఈ మాట రికార్డవుతోంది. రేపు పోలీసులకి కూడా ఇదే చెప్తాను. నన్ను నమ్మకపోతే మీ బావని పిలు. ఇదే ఛానల్లో ఒక్కసారి పిలు."

గరగర.

"బావా," అన్నాడు తాతారావు. "లోవరాజు బావా, ఏటి సంగతి?"

ఎవరూ పలకలేదు. ఆ ఛానల్లో అంతదాకా ఈలలేసిన గొంతులన్నీ ఆగిపోయాయి. నూట నలభై బోట్లు వింటున్నాయి.

"బావా. ఓ బావా. నేను తాతారావుని. పలుకు."

గాలి చప్పుడు.

చుక్క వేగం తగ్గింది. ఇంకా తగ్గింది. తెల్లటి నీళ్లకి మూడొందల మీటర్ల ఇవతల ఆగింది.

*

బుడగలు సన్నగిల్లడానికి ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టింది. తాతారావు అంచు వెంట దూరంగా తిరుగుతూ, డీజిల్ కేన్లు కౌగిలించుకుని అలల్లో తేలుతున్నవాళ్లని ఒక్కొక్కరినే లాగాడు. లాగినప్పుడల్లా వైర్‌లెస్‌లో పేరు చెప్పాడు. దక్షిణానికి పోయిన బోట్లు సగం వెనక్కి తిరిగొచ్చి, దూరంగా వరసకట్టి నిలబడ్డాయి.

"చంటి. ఉన్నాడు."

"పెద్దకాపు. చెయ్యి విరిగింది. ఉన్నాడు."

రత్నం బల్ల అంచు పట్టుకుని వింటోంది. నాలుగో పేరు, ఐదో పేరు.

"బావ దొరికాడు," అన్నాడు తాతారావు. ఆమె నేల మీదే కూర్చుండిపోయింది. "ఊపిరుంది. నీళ్లు కక్కుతున్నాడు."

ఆ తర్వాత చాలాసేపు పేరు రాలేదు.

"బావా, ఏడుగురు కదా?" అంది చివరికి.

"సోమన్న లేడు మరదలా. పొయ్యార్పడానికి దిగాడంట. మళ్లీ పైకి రాలేదు."

పొయ్యి ఆర్పమంది తనే. ఆర్పకపోతే ఏడుగురూ కాలిపోయేవారేమో. అది లెక్క. ఆ లెక్క రేపు విచారణలో ఎవరైనా ఆమెకి అనుకూలంగా వేసి చెప్పొచ్చు. ఇప్పుడు మాత్రం అది మనసుకి అంటలేదు.

"అన్నయ్యకి మైకివ్వు బావా."

"ఇస్తున్నాను. తీసుకోవట్లేదు. నీళ్లకేసి చూస్తున్నాడు."

భావనారాయణ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. బయట మంట ఆయన ముఖం మీద ఎర్రగా ఆడుతోంది. "ఆపగలమా సార్ దాన్ని?" అని అడిగింది రత్నం.

"మంటనా? ఆపకూడదు. ఆపితే మళ్లీ పగులుతుంది." ఆయన అద్దం మీద అరచెయ్యి పెట్టాడు. "ఈ పొర చల్లబడినా, దూరపు అంచుల్లో తోడు బతికే ఉంటుంది. దాన్ని తిరిగి తియ్యడం నాకు రాదమ్మా. ఎవరికీ రాదు. పదేళ్లో, పాతికేళ్లో ఎవరో ఒకరు ఇక్కడ కూర్చుని వదులుతూ ఉండాలి. నేనుంటాను."

వైర్‌లెస్ గరగరమంది. ఎవరో పెద్ద వయసు బోటు సరంగు.

"సోమన్న ఇంటికి ఎవరు చెప్తారర్రా? ఆ యమ్మ రేవులో పసుపూ కుంకం పట్టుకుని కూకుంటాది, బోటొచ్చేదాకా."

రత్నం లేచింది. మైకు దగ్గరికి లాక్కుంది.

"నేను చెప్తాను. సిబ్బంది బోటుంది, గంటలో రేవుకొస్తాను. సోమన్న భార్య పేరేంటి? ఎలా గుర్తుపట్టాలి?"

గరగర. ఒకళ్లు గొంతు సవరించుకున్నారు. తర్వాత, ఉప్పునీళ్లకి బొంగురుపోయి, లోవరాజు గొంతు వచ్చింది.

"పేరు మరిడమ్మ. ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన కూకుంటాది. పొట్టిగా ఉంటాది."

ఊపిరి తీసుకున్నాడు.

"ఒక్కదానివీ ఎళ్లకు. జనం నిన్నక్కడ నిలబడనివ్వరు. నేనొచ్చేదాకా రేవు బయటుండు."